పికప్ వాహనంలో విద్యుత్తు తిరుగుదారి

సింగపూర్‌లోని బువోనా విస్టా పరిసరాల్లో సుమారు 200 హెక్టార్ల మేర విస్తరించిన వన్-నార్త్, పరిశోధనశాలలు, సాంకేతిక సంస్థలు, నివాసాలు ఒకేచోట ఉండాలన్న ఉద్దేశంతో జేటీసీ అనే ప్రభుత్వ సంస్థ 2001లో ప్రారంభించిన నగర భాగం. భూమధ్యరేఖకు ఉత్తరాన ఒక డిగ్రీ అక్షాంశం మీద ఉన్న దేశం కనుక దీనికి ఆ పేరు వచ్చింది. జీవశాస్త్ర పరిశోధనకు కేంద్రమైన బయోపోలిస్, ఇంజనీరింగు, సమాచార రంగాలకు నెలవైన ఫ్యూజనోపోలిస్ ఇక్కడే ఉన్నాయి. డ్రైవరు అవసరం లేకుండా నడిచే వాహనాల పరీక్షలకు సింగపూర్ భూరవాణా సంస్థ 2015లో ఈ వీధులను ఎంచుకోగా, మరుసటి ఏడాది ఆగస్టు 25న న్యూటోనమీ అనే సంస్థ ఎంపిక చేసిన ప్రయాణికులను స్వయంచాలిత టాక్సీలలో ఎక్కించుకొని ఇక్కడ తిప్పడం మొదలుపెట్టింది. రెనో జో, మిత్సుబిషి ఐ-మీవ్ అనే చిన్న విద్యుత్ కార్లే ఆ టాక్సీలు. అవసరమైతే స్టీరింగు అందుకోవడానికి ఒక ఇంజనీరు డ్రైవరు సీటులో కూర్చునేవారు.

ఆ పరీక్షల కొనసాగింపుగా 2019లో విడుదలైన నూసీన్స్ అనే సమాచార నిధిని సేకరించిన కార్లలో ఒక్కొక్క దాని మీద ఆరు కెమెరాలు, అయిదు రాడార్లు, లేజరు కిరణాలతో పరిసరాలను కొలిచే ఒక లైడార్ ఉన్నాయి. ఇన్ని పరికరాలకూ, అవి పంపే సమాచారాన్ని అర్థం చేసుకునే కంప్యూటర్లకూ క్షణమైనా తడబడని విద్యుత్తు కావాలి. అదే వీధుల్లో భవనాల మరమ్మతులకు, కేబుళ్ల పనులకు, నిర్మాణానికి తిరిగే సాధారణ పికప్ వాహనాలకు అంత సున్నితమైన పరికరాలు లేకపోయినా, పనిదీపాలు, హెచ్చరిక దీపాలు, ఇన్వర్టరు, కంప్రెసరు, కెమెరా అంటూ తయారీదారు ఊహించని భారం ఏటేటా పెరుగుతూనే ఉంది. మదనపల్లె టమాటా మార్కెట్టుకో, భీమవరం చేపల చెరువులకో తిరిగే మన పికప్‌ల పరిస్థితీ ఇంతే. ఈ భారానికి తగినట్లు బ్యాటరీని, ఆల్టర్నేటరును, ఎర్త్ తీగలను ఎలా బలపరచాలి, అందులో ముందు దేనిని చూడాలి అన్నది వాహనం మీద బతికే ప్రతివారూ తెలుసుకోవలసిన విషయం.

మూడు భాగాలు, ఒకే వలయం

వాహనంలోని బ్యాటరీ విద్యుత్తును తయారుచేయదు, రసాయన రూపంలో దాచి ఉంచుతుంది. 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించిన సీసం-ఆమ్ల బ్యాటరీయే మెరుగుపడుతూ నేటికీ వాడుకలో ఉంది. ఇందులో ఒక్కొక్క గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది కాబట్టి ఆరు గదులు కలిసి, పూర్తిగా ఛార్జి అయి విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తాయి, 12.2 వోల్టులకు దిగితే నిల్వ దాదాపు సగం ఖర్చయినట్లు. ఇంజన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారుకు ఆ కొద్ది సెకన్లలో కొన్ని వందల ఆంపియర్ల ప్రవాహాన్ని ఇవ్వడమే ఈ బ్యాటరీకి ముఖ్యమైన పని. 1912లో కాడిలాక్ కారులో ఛార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టరు వచ్చాక చేతితో హ్యాండిల్ తిప్పే అవస్థ తప్పింది, కారులో బ్యాటరీకి స్థిరమైన స్థానం దొరికింది.

ఇంజన్ నడుస్తున్నంత సేపూ విద్యుత్తును పుట్టించేది ఆల్టర్నేటరు. మన మెకానిక్కులు దీనినే ఇప్పటికీ డైనమో అంటారు. అయితే పాత డైనమో నేరుగా ఏకముఖ విద్యుత్తును ఇచ్చేది కాగా, ఆల్టర్నేటరులో తిరిగే అయస్కాంత క్షేత్రం చుట్టూ ఉన్న తీగచుట్టలలో ఏకాంతర విద్యుత్తును పుట్టిస్తుంది, దానిని డయోడ్లు ఏకముఖంగా మారుస్తాయి, రెగ్యులేటరు వోల్టేజీని 14 వోల్టుల ప్రాంతంలో నిలిపి ఉంచుతుంది. వేడికి తట్టుకునే సిలికాన్ డయోడ్లు చవకగా దొరకడం మొదలైన తరువాతే ఇది సాధ్యమైంది. 1960 నాటి క్రైస్లర్ వేలియంట్ కారుతో ఆల్టర్నేటర్లు సామాన్య వాహనాల్లోకి వచ్చాయి. విద్యుత్ కార్లలో ఆల్టర్నేటరు ఉండదు. పెద్ద బ్యాటరీలోని అధిక వోల్టేజీని 12 వోల్టుల స్థాయికి దించే డీసీ-డీసీ కన్వర్టరు ఆ పనిని చేస్తుంది. అంటే వన్-నార్త్ వీధుల్లో తిరిగిన టాక్సీల్లో కూడా దీపాలకు, తాళాలకు, నియంత్రణ పరికరాలకు ఆధారం ఒక చిన్న 12 వోల్టుల వ్యవస్థే.

మూడవ భాగం ఎర్త్. బ్యాటరీ ధన ధ్రువం నుంచి ప్రతి పరికరానికీ విడిగా తీగ వెళుతుంది గానీ, తిరిగివచ్చే ప్రవాహానికి విడి తీగలు వేయకుండా వాహనపు ఇనుప చట్రాన్నీ బాడీనీ ఇంజన్ దిమ్మనూ దారిగా వాడుకుంటారు. బ్యాటరీ ఋణ ధ్రువాన్ని చట్రానికి, చట్రాన్ని ఇంజన్‌కు కలిపే తీగలనే ఎర్త్ తీగలంటారు. ఇంటి ఎర్త్‌లాగా ఇది నేలలోకి పోయే రక్షణ తీగ కాదు. వెళ్లిన ప్రతి ఆంపియరూ తిరిగి రావలసిన ప్రధాన మార్గం ఇదే.

ఎక్కువగా దెబ్బతినే దారి

గోదావరి డెల్టాలో పంట కాలువను ఎంత వెడల్పు చేసినా మురుగు కాలువ పూడిపోతే చేలో నీరు కదలనట్లే, ధన ధ్రువం వైపు ఎంత లావు కేబులు వేసినా ఎర్త్ బలహీనంగా ఉంటే ప్రవాహం పెరగదు. ఈ బలహీనత ఎలా వస్తుందో తెలియాలంటే ఇంజన్ ఏ ఆధారం మీద నిలిచి ఉందో గమనించాలి. కుదుపులు చట్రానికి అందకుండా ఇంజన్‌ను రబ్బరు దిమ్మల మీద బిగిస్తారు. రబ్బరులో విద్యుత్తు ప్రవహించదు. సెల్ఫ్ మోటారు, ఆల్టర్నేటరు రెండూ ఇంజన్‌కే బిగించి ఉంటాయి కనుక వాటి ప్రవాహమంతా ఇంజన్ ఎర్త్ పట్టీ గుండానే రావాలి. ఆ పట్టీ తుప్పు పట్టినా తెగినా విద్యుత్తు ఆగిపోకుండా యాక్సిలరేటరు కేబులు, గేరు కేబులు, బేరింగులు వంటి తనకు సంబంధం లేని దారులను వెతుక్కుంటుంది. కేబుళ్లు కాలిపోవడానికి, బేరింగుల నునుపైన ఉపరితలం మీద గుంటలు పడటానికి ఇదొక కారణం.

వెనక దీపాల ఎర్త్ చెడినప్పుడు కనిపించే లక్షణం మరింత విచిత్రంగా ఉంటుంది. బ్రేకు దీపం ప్రవాహానికి తిన్నగా తిరిగివచ్చే దారి లేకపోవడంతో అది పక్కనున్న ఇండికేటరు, పార్కింగు దీపాల తీగల గుండా దారి చేసుకుంటుంది, దానితో బ్రేకు తొక్కితే వేరే దీపాలు మసకగా వెలుగుతాయి. వెనక కూర్చున్న కూలీలతో రాత్రివేళ వెళ్లే పికప్‌కు ఇది ప్రాణాపాయంతో సమానం. హాలోజన్ దీపానికి అందే వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. దీపం మార్చినా వెలుగు పెరగకపోతే లోపం దీపంలో కాదు, దారిలో ఉందని గ్రహించాలి.

సముద్రపు గాలి, నిరంతరమైన తేమ ఈ అతుకులకు శత్రువులు. సింగపూర్‌లో ఏడాది పొడుగునా వాన, తేమ ఉంటాయి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపట్టణాల్లో ఉప్పుగాలి తోడవుతుంది. పైగా సింగపూర్‌లో తేలికపాటి సరుకు వాహనానికి చట్టం అనుమతించే గరిష్ఠ ఆయుష్షు 20 సంవత్సరాలు. అన్నేళ్లు నడిచే బండిలో మిగిలిన భాగాలు ఒకటికి రెండుసార్లు మారినా, ఫ్యాక్టరీలో బిగించిన ఎర్త్ బోల్టును ఒక్కసారైనా విప్పి శుభ్రం చేయని సందర్భాలే ఎక్కువ.

కొనే ముందు కొలత

అందువల్ల బలపరిచే పని కొనుగోలుతో కాక కొలతతో మొదలు కావాలి. దీనికి సాధారణ డిజిటల్ మల్టీమీటరు చాలు. అయితే నిరోధాన్ని నేరుగా కొలవడం ఇక్కడ ఉపయోగపడదు, ఎందుకంటే పదింట తొమ్మిది పోగులు తెగి ఒక్కటి మిగిలిన తీగ కూడా మీటరులో దాదాపు సున్నా నిరోధాన్నే చూపిస్తుంది, భారీ ప్రవాహం వచ్చినప్పుడే దాని బలహీనత బయటపడుతుంది. కాబట్టి ప్రవాహం పారుతున్నప్పుడు తీగ రెండు కొసల మధ్య ఎంత వోల్టేజీ నష్టపోతున్నదో కొలవాలి. దీనినే వోల్టేజీ పతనం అంటారు.

మీటరు ఒక ముల్లును బ్యాటరీ ఋణ ధ్రువం మీద, రెండవదాన్ని ఇంజన్ దిమ్మ మీద శుభ్రమైన లోహానికి ఆనించి, మరొకరిచేత సెల్ఫ్ కొట్టించాలి. అప్పుడు కనిపించే పతనం సుమారు 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్లు. అర వోల్టు, ఒక వోల్టు కనిపిస్తే ఆ మధ్యలో ఏదో అతుకు చెడినట్లు. తరువాత ఇంజన్ నడుస్తుండగా దీపాలు, ఏసీ ఫ్యాను వేసి ఆల్టర్నేటరు ధన బోల్టుకూ బ్యాటరీ ధన ధ్రువానికీ మధ్య ఒకసారి, ఆల్టర్నేటరు బాడీకీ బ్యాటరీ ఋణ ధ్రువానికీ మధ్య ఒకసారి కొలవాలి. ఇంత చిన్న సంఖ్యల ప్రాధాన్యం ఒక లెక్కతో తేలుతుంది: ఒక అతుకులో ఓము నూరో వంతు నిరోధం మాత్రమే ఉన్నా, 200 ఆంపియర్లు పారినప్పుడు అక్కడ 2 వోల్టులు పోతాయి, 400 వాట్లు వేడిగా మారతాయి. బ్యాటరీ చచ్చిపోయిందని పారేసిన సందర్భాల్లో కొన్నిటికి అసలు కారణం ఇదే.

మూడు లావు తీగలు

కొలతలో లోపం తేలినా, అదనపు భారం పెట్టబోతున్నా ముందుగా బలపరచవలసినవి మూడు దారులు: ఆల్టర్నేటరు నుంచి బ్యాటరీ ధన ధ్రువానికి, బ్యాటరీ ఋణ ధ్రువం నుంచి చట్రానికి, ఇంజన్ నుంచి చట్రానికి వెళ్లే తీగలు. పాతవి బాగుంటే వాటిని తీసేయకుండా వాటికి తోడుగా కొత్తవి వేయవచ్చు. రాగి తీగ లావు పెరిగినకొద్దీ నిరోధం తగ్గుతుంది. 10 చదరపు మిల్లీమీటర్ల కోత కలిగిన తీగ రెండు మీటర్ల పొడవున 100 ఆంపియర్లు మోస్తే సుమారు 0.4 వోల్టులు నష్టపోతుంది, 25 చదరపు మిల్లీమీటర్ల తీగ అయితే 0.15 వోల్టులతో సరిపెడుతుంది. వెళ్లే తీగ ఎంత లావో తిరిగివచ్చే తీగా అంత లావు ఉండాలి, ఎందుకంటే రెండిటిలోనూ పారే ప్రవాహం ఒక్కటే.

తీగ కన్నా అతుకు ముఖ్యం. తీగ కొసన ఉండే లోహపు లగ్గును సుత్తితో కొట్టి నొక్కడం కాక సరైన క్రింపింగ్ పనిముట్టుతో బిగించి, పైన జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం తొడగాలి. బోల్టు కూర్చునే చోట చట్రం మీది రంగును మెరిసే లోహం కనిపించే దాకా గీకి, తగరపు పూత గల లగ్గును గట్టిగా బిగించిన తరువాత, తేమ చేరకుండా పైన గ్రీజు లేదా రంగు పూయాలి. ఇంజన్ కదులుతూ ఉంటుంది కనుక దానికి వెళ్లే తీగ సన్నని పోగులతో అల్లినదై, కాస్త వదులుగా ఉండాలి. బ్యాటరీ ధన ధ్రువం నుంచి అదనపు పరికరాలకు వెళ్లే ప్రతి తీగకూ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టాలి. ఫ్యూజు కాపాడేది పరికరాన్ని కాదు, తీగను. తీగ ఒరిసి చట్రానికి తగిలితే బ్యాటరీలోని శక్తి అంతా ఆ చోట మంటగా మారుతుంది. పని మొదలుపెట్టేటప్పుడు ఋణ ధ్రువాన్ని ముందు విప్పి, పూర్తయ్యాక చివరగా బిగించడం కూడా ఈ ప్రమాదాన్ని నివారించడానికే.

2010 తరువాత వచ్చిన అనేక వాహనాల్లో ఋణ ధ్రువం మీదే ప్రవాహాన్ని కొలిచే ఒక సెన్సరు ఉంటుంది. బ్యాటరీలోకి ఎంత వెళ్లిందో, ఎంత బయటకు వచ్చిందో లెక్కగట్టి ఇంజన్ కంప్యూటరు ఆల్టర్నేటరు వోల్టేజీని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఇటువంటి బండిలో అదనపు పరికరాల ఎర్త్‌ను నేరుగా బ్యాటరీ ఋణ ధ్రువానికి కలిపితే ఆ ప్రవాహం సెన్సరు కంటపడదు, లెక్క తప్పుతుంది. అందుకే సెన్సరుకు అవతలి వైపున, చట్రం మీద ఉన్న ఎర్త్ బోల్టుకే కలపాలి. సెన్సర్ల సంకేతాలు మిల్లీవోల్టుల స్థాయిలో ఉండే పరిశోధన వాహనాల్లో ఈ క్రమశిక్షణ మరింత అవసరం. వేర్వేరు చోట్ల ఎర్త్ అయిన రెండు పరికరాల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా అది సంకేతంలో రొదగా చేరుతుంది కాబట్టి వాటన్నిటినీ ఒకే బిందువు దగ్గర కలపడం మంచి పద్ధతి.

పెద్ద ఆల్టర్నేటరు ఎప్పుడు కావాలి

ఆల్టర్నేటరు మీద రాసి ఉన్న ఆంపియర్లు అది వేగంగా తిరిగేటప్పటివి. ఇంజన్ ఐడిల్‌లో, అదీ వేడెక్కి ఉన్నప్పుడు, అందులో సగం కూడా రాకపోవచ్చు. 90 ఆంపియర్ల ఆల్టర్నేటరు ట్రాఫిక్‌లో 40 ఆంపియర్లు ఇస్తుంటే, వాన కురిసే రాత్రి హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ, ఇంజన్ నియంత్రణ పరికరాలు కలిసి అంతకు మించి అడిగితే ఆ లోటును బ్యాటరీ పూడ్చవలసి వస్తుంది. కనుక పెద్దది ఎంచుకునేటప్పుడు గరిష్ఠ సంఖ్యను కాక ఐడిల్‌లో ఎంత ఇస్తుందో అడగాలి. 14 వోల్టుల వద్ద 150 ఆంపియర్లంటే 2,100 వాట్లు. ఆల్టర్నేటరు సామర్థ్యం అరవై శాతం అనుకుంటే ఇంజన్ దానికి సుమారు 3,500 వాట్లు, అంటే దాదాపు అయిదు అశ్వశక్తిని వెచ్చించాలి. ఆ శక్తిని మోసేది ఒక బెల్టు. పాత బెల్టు, అరిగిన టెన్షనరు అలాగే ఉంచి పెద్ద ఆల్టర్నేటరు బిగిస్తే బెల్టు జారి శబ్దం చేస్తుంది తప్ప ప్రవాహం పెరగదు. ఎర్త్‌ను, ఛార్జింగు తీగను ముందే బలపరచకపోతే కొత్త యంత్రం ఇచ్చే అదనపు ప్రవాహం పాత సన్నని తీగనే కాలుస్తుంది.

ఉష్ణదేశపు బ్యాటరీ

చలిదేశాల్లో బ్యాటరీని కొనేటప్పుడు మైనస్ 18 డిగ్రీల వద్ద ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో తెలిపే సంఖ్యకు ప్రాధాన్యమిస్తారు. పగటి ఉష్ణోగ్రత 31 నుంచి 33 డిగ్రీల మధ్య ఉండే సింగపూర్‌లోనూ, వేసవిలో 40 దాటే తెలుగు నేలలోనూ బ్యాటరీని చంపేది చలి కాదు, వేడి. సగటు ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే సీసం-ఆమ్ల బ్యాటరీ ఆయుష్షు ఉజ్జాయింపుగా సగమవుతుంది. నీరు ఆవిరవుతుంది, ధన ఫలకాల జాలీ తుప్పు పడుతుంది. వేడి పెరిగినకొద్దీ ఛార్జింగు వోల్టేజీని కూడా డిగ్రీకి సుమారు 20 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించాలి. అందువల్ల ఇంజన్ సెగకు అడ్డుగా ఉండే రేకును, తొడుగును అనవసరమని తీసేయకూడదు.

తిరుపతి సమీపంలోని కరకంబాడిలో గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా సంస్థ నుంచి 2000లో వచ్చిన అమరాన్ బ్యాటరీలు సింగపూర్ దుకాణాల్లో కూడా దొరుకుతాయి. వేడి నేలల అవసరాలు ఎరిగిన ఇంజనీరింగు తెలుగునాట నుంచి సముద్రాలు దాటి వెళ్లిందనడానికి అది నిదర్శనం. అయితే ఏ బ్రాండు అయినా స్టార్టింగు కోసం చేసిన బ్యాటరీని పదేపదే సగానికి మించి ఖాళీ చేస్తే ఫలకాల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి నిల్వ తగ్గిపోతుంది. ఇంజన్ ఆపి చాలాసేపు పరికరాలు నడపాలంటే రెండవ బ్యాటరీ వేరుగా ఉండాలి. ఆ పనికి గాజుపీచు పొరల్లో ఆమ్లాన్ని ఇంకించిన ఏజీఎం రకం గానీ, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం గానీ తగినవి. లిథియం బ్యాటరీ అంతర్గత నిరోధం తక్కువ కనుక అది ఆల్టర్నేటరు నుంచి అందినంత గుంజి దానిని వేడెక్కిస్తుంది. మధ్యలో ప్రవాహానికి హద్దు పెట్టే డీసీ-డీసీ ఛార్జరు తప్పనిసరి.

ఇంజన్ ఆపి పని చేయవలసిన చోట

మన వద్ద పరికరాలు నడపడానికి ఇంజన్‌ను ఐడిల్‌లో వదిలేయడం మామూలు. సింగపూర్‌లో ట్రాఫిక్ వల్ల తప్ప వేరే కారణంతో నిలిపిన వాహనపు ఇంజన్‌ను నడుస్తూ ఉంచడం చట్టరీత్యా నేరం. ఫలితంగా అక్కడ లెక్క మారుతుంది. 450 వాట్ల పనిదీపాలు, పరికరాలు గల పికప్‌లో ప్రవాహం సుమారు 36 ఆంపియర్లు. 70 ఆంపియర్-అవర్ల స్టార్టింగు బ్యాటరీలో సగమే వాడాలన్న నియమం పాటిస్తే ఒక గంట కూడా రాదు. 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో ఎనభై శాతం వాడుకుంటే రెండు గంటలకు పైగా వస్తుంది. దానిని 30 ఆంపియర్ల ఛార్జరుతో తిరిగి నింపాలంటే రెండున్నర గంటలకు పైగా బండి నడవాలి. తూర్పు కొస నుంచి పడమటి కొసకు యాభై కిలోమీటర్లు మాత్రమే ఉన్న దేశంలో రోజూ అంత ప్రయాణం ఉండదు. ఎంత పెద్ద ఆల్టర్నేటరైనా ఈ లోటు తీర్చదు, రాత్రి షెడ్డులో కరెంటుతో ఛార్జి చేసే ఏర్పాటే తీరుస్తుంది. వాహనంలో మార్పులను అక్కడి భూరవాణా సంస్థ అనుమతి అక్కరలేనివి, ముందస్తు అనుమతి కావలసినవి, నిషిద్ధమైనవి అని విభజించింది కనుక పని మొదలుపెట్టే ముందు ఆ నియమాలు చూసుకోవడం అవసరం.

రాబోయే మార్పు

భారం పెరిగేకొద్దీ తీగల లావు పెంచుకుంటూ పోవడానికి హద్దు ఉంది. వోల్టేజీని నాలుగు రెట్లు చేస్తే అంతే శక్తికి ప్రవాహం నాలుగో వంతవుతుంది, అదే తీగలో వేడిగా పోయే నష్టం పదహారో వంతవుతుంది. 2023లో మార్కెట్టులోకి వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్ అనే పికప్ 12 వోల్టులను విడిచి 48 వోల్టుల వ్యవస్థను చేపట్టడానికి ఇదే కారణం. అయినా ఇప్పుడు రోడ్ల మీద ఉన్న లక్షలాది పికప్‌లు ఇంకా చాలా ఏళ్లు 12 వోల్టుల మీదే నడుస్తాయి. వాటి యజమానుల్లో ఎక్కువమంది ఒక రోజు బండి ఆగితే ఒక రోజు కూలి పోగొట్టుకునేవారే.

వారికి కావలసింది పనుల వరుస. ముందు కొలత, తరువాత ఎర్త్ అతుకుల శుభ్రత, ఆపైన లావు తీగలు, ఫ్యూజులు, ఆ తరువాత మాత్రమే అవసరాన్ని బట్టి ఆల్టర్నేటరు, బ్యాటరీ. మొదటి రెండు మెట్లకు అయ్యే ఖర్చు కొత్త బ్యాటరీ ధరలో చిన్న భాగమే, అయినా బండి ఆగిపోయిన రోజున అందరి చూపూ ముందు బ్యాటరీ మీదికే పోతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనైనా సింగపూర్ వర్క్‌షాపులోనైనా బ్యాటరీ అమ్మే మెకానిక్కు కొత్తదాని వారంటీ తేదీతో పాటు, సెల్ఫ్ కొట్టినప్పుడు ఎర్త్‌లో ఎంత వోల్టేజీ పతనం వచ్చిందో కూడా బిల్లు మీద రాసి ఇవ్వడం ఆనవాయితీ కావాలి. రెండు నిమిషాల పని అది. ఆ ఒక్క అంకె ఉంటే కొన్న బ్యాటరీ అవసరమై కొన్నదో కాదో యజమానికి తెలుస్తుంది, తరువాతి సంవత్సరం అదే కొలత తీసినప్పుడు ఎర్త్ ఎంత క్షీణించిందో ముందుగానే బయటపడుతుంది.